ఆగిపోయే తూటా

దేవదాస్ పేరు రాసిన కాగితం సిరిసిల్లలో అతని సాంచాల షెడ్డు తలుపు మీద కనిపించి ఇరవై మూడు రోజులైంది. అడవిలోని అన్నలు అంటించినది; ఎర్ర సిరా, నాలుగే వాక్యాలు. మల్లాపూర్ పొలిమేరలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన దళసభ్యుడు గంగాధర్ ఆచూకీ చెప్పింది మరమగ్గాల యజమాని దేవదాసేనని, శిక్ష తప్పదని అందులో ఉంది. గంగాధర్ చనిపోయిన రోజు అతను మల్లాపూర్ ఠాణాకు వెళ్ళిన మాట నిజమే. నూలు తెస్తున్న వ్యాన్‌ను పోలీసులు ఆపితే విడిపించుకోవడానికి వెళ్ళాడు. గంటసేపు లోపల కూర్చుని వచ్చాడు. సాయంత్రం కాల్పులు జరిగాయి. చూసినవాళ్ళు ఆ రెంటినీ కలిపేసుకున్నారు.

సాంచాలన్నీ నమ్మకమైన పనివాడు కొమురయ్యకు అప్పగించి, భార్య బాలలక్ష్మినీ తల్లి పోశవ్వనూ తీసుకుని దేవదాస్ కోరుట్లలో ఒక అద్దె ఇంట్లో తలదాచుకున్నాడు. తలుపు చప్పుడైతే చాలు, ముగ్గురూ తింటున్న కంచాలు వదిలి పెరటి తలుపు వైపు చూసేవాళ్ళు. ఎప్పుడో పెట్టుకున్న లైసెన్సు అర్జీ ఆ కాగితం పుణ్యమా అని ఒక్కసారిగా కదిలింది. నిన్ననే హైదరాబాదు నుంచి రివాల్వర్ తెచ్చుకున్నాడు.

పొద్దున చాయ తాగాక మంచం మీద తువ్వాల పరిచి దాన్ని బయటికి తీశాడు. నల్లగా, బాలలక్ష్మి అనుకున్నదానికంటే పెద్దగా ఉంది. పక్కన మూడు చిన్న అట్టడబ్బాలు పెట్టాడు.

"మామూలు రివాల్వర్ గాదిది. మాగ్నమ్," అన్నాడు. చాలా రోజుల తర్వాత అతని గొంతులో కొంచెం బలం వినిపించింది. "ఎవరో రిటైరైన పెద్దాఫీసరుదట."

"గా డబ్బలేంది?"

"తూటలు. మూడు తీర్లయి. గీ ఎర్ర డబ్బలయి అన్నిటికంటె జబర్దస్తయి. కారు ఇంజన్ల కెల్లి గూడ దూరి పోతయని దుకాణపాయన చెప్పిండు. గివే నింపుత."

బాలలక్ష్మి అతని చేతుల వంక చూసింది. పదహారు సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే, ఏ సాంచ మీద పోగు తెగిందో చప్పుడును బట్టి చెప్పగల మనిషి. ఇప్పుడు ఆ వేళ్ళు అట్టడబ్బా మూత తీయడానికే తడబడుతున్నాయి.

"దుర్గయ్య కాకను పిలుస్త. ఆయన సూడంది ఏదీ నింపకు," అంది.

దుర్గయ్య వాళ్ళ వెనక గల్లీలోనే ఉంటాడు. ముప్ఫై ఏళ్ళు పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసిన హవల్దారు. పింఛను తీసుకుంటూ, మల్లాపూర్ తోవలో ఉన్న రెండెకరాల్లో మక్కజొన్న వేసుకుంటున్నాడు. కబురు అందగానే వచ్చాడు. చాయ వద్దన్నాడు. ముందు రివాల్వర్ చక్రం తెరిచి, ఆరు గూళ్ళలోనూ చిటికెన వేలు పెట్టి చూశాడు.

"ఖాళీదే కాకా," అన్నాడు దేవదాస్.

"ఖాళీదని నువ్వంటే సరిపోదు. నా వేలు అనాలె."

తర్వాత మూడు డబ్బాల నుంచి ఒక్కో తూటా తీసి వరసగా నిలబెట్టాడు. ఒకటి రాగి తొడుగుతో తళతళలాడుతోంది. రెండోది ఉట్టి సీసం, ముక్కు గుండ్రంగా ఉంది. మూడోది కూడా సీసమే కానీ, ముక్కు కొసన చిన్న గుంట ఉంది. దేవదాస్ రాగి తూటా గురించి, కారు ఇంజను గురించి మళ్ళీ చెప్పాడు.

"ఇంజన్ల కెల్లి పోయేది నీకెందుకయ్యా? నీ మీదికి లారీ అస్తున్నదా?"

బాలలక్ష్మికి నవ్వొచ్చింది. ఆ ఇంట్లోకి వచ్చాక నవ్వడం అదే మొదలు.

"బిడ్డా, గింత ముగ్గు తే. మీ ఇల్లు గియ్యి నేల మీద," అన్నాడు దుర్గయ్య.

ఆమె గీసింది. ముందు తలుపు, నడిమి అర్ర, పక్కన అత్త పడుకునే అర్ర, వెనక వంటిల్లు, పెరటి తలుపు. దుర్గయ్య గొంతుక్కూర్చుని రాగి తూటాను నడిమి అర్రలో నిలబెట్టాడు.

"గిది దేవదాసు. ముందటి తలుపు కాడ ఎవరో ఉన్నరనుకో. కొట్టిండు. తాకలేదు." వేలితో తలుపు మీదుగా వీధి దాటించి గీత గీశాడు. "గీడ ఏముంది?"

"ఎదురింటి అరుగు. సత్యవ్వ వదినె, వాళ్ళ కోడండ్లు పొద్దంత గాడనే కూసొని బీడీలు చుడుతరు."

"సరే. పెరటి తలుపు కెల్లి అచ్చిండ్రనుకుందాం." వేలు వెనక్కి తిరిగింది. వంటింటి మూల నుంచి పక్క అర్ర గోడను దాటింది. "గీడ ఎవరు పంటరు?"

బాలలక్ష్మి చేతిలోని ముగ్గు కొంచెం జారి పడింది. అది పోశవ్వ మంచం. మధ్యలో ఉన్నది పచ్చి ఇటుకల గోడ, ఒక్క వరసది.

దుర్గయ్య మెల్లగా చెప్పాడు.

"మల్యాల దిక్కు ఒక పటేలు ఉండె. ఆయనకు గూడ గిట్లనే కాగితమచ్చింది. తుపాకి సాఫ్ చేసి ఇచ్చింది నేనే. గట్టి తూటలియ్యి దుర్గయ్యా అన్నడు, ఇచ్చిన. నాలుగు రోజులకు తలుపు సప్పుడైంది. ఎవరని అడగలే. కొట్టిండు. తూట తలుపు దాటింది. బయట నిలబడ్డది పుట్టింటి కెల్లి అచ్చిన కోడలు. పిల్ల బతికింది గని కాలు ఒంకర పోయింది. ఇప్పటికి గూడ బజార్ల కనవడితే, కాకా మంచిగున్నవా అని అడుగుతది నన్ను. నేను తలకాయెత్తి సూడలేను."

"అయితే ఇది వద్దంటవా?" అడిగాడు దేవదాస్.

"వద్దనలే. పానం ఎవలకైన తీపే. నీకు ఆగే తూట కావాలె అంటున్న. తాకినకాడ్నే ఆగాలె, గోడ దాటద్దు. పా, నా చేన్లకు పోదాం. నేను చెప్పుడు కంటె నువ్వు సూసుడు మంచిది."

బాలలక్ష్మి కూడా బయల్దేరింది. నువ్వెందుకని దేవదాస్ అంటే, ఆ ముగ్గులో నేనూ ఉన్నా కదా అంది. సద్ది కట్టుకుని, అత్తకు ఎక్కడికి పోతున్నారో చెప్పింది. చేను దగ్గర చప్పుళ్ళు వినిపిస్తే కంగారు పడొద్దని దుర్గయ్య దారిలో ఠాణాకు వెళ్ళి చెప్పి వచ్చాడు. ముగ్గురూ మల్లాపూర్ బస్సు ఎక్కి చేను దగ్గర దిగారు.

ఎగువ మడిలో మక్క కంకులు విరవడం అయిపోయింది. దిగువ మడిలో చేను ఇంకా నిలబడే ఉంది, ఎండి గలగలలాడుతూ. పూడ్చేసిన పాత బావి పక్కన ఎత్తయిన మట్టికుప్ప ఉంది. దాని ముందు దుర్గయ్య, తడి గుడ్డపేలికలు కుక్కిన గోనెసంచి ఒకటి నిలబెట్టాడు. దాని వెనక పచ్చి ఇటుకలు పేర్చాడు. ఇటుకల వెనక ఇంకో గోనెసంచి.

"ముందటిది అచ్చినోడు," అన్నాడు. "గిది మీ గోడ. ఎనుకది మీ అమ్మ."

దేవదాస్ రాగి తూటాలు రెండు పెట్టి, పది అడుగుల దూరం నుంచి మొదటిది పేల్చాడు. ఆ చప్పుడుకు బాలలక్ష్మి చెవులు దిబ్బడ పడ్డాయి. రివాల్వర్ అతని నొసటి దాకా ఎగిరింది. రెండోది ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. సంచుల్లో మాత్రం లేదు.

"ఇంట్ల, నాలుగు గోడల నడుమ గిట్ల కొడితే ఇంకేం ఇనవడది, ఏం కనవడది," అన్నాడు దుర్గయ్య. "రా బిడ్డా, సూద్దాం."

మొదటి సంచికి ఇటు బెజ్జం, అటు బెజ్జం. ఇటుక ముక్కలైంది. వెనక సంచికి కూడా ఇటు బెజ్జం, అటు బెజ్జం. తూటా దాన్ని కూడా దాటి మట్టికుప్పలో ఎక్కడో దూరిపోయింది. బాలలక్ష్మి వెనక సంచి బెజ్జంలో వేలు పెట్టి చూసి, వెంటనే తీసేసింది. అత్త నడుముకు వేలు తగిలినట్టనిపించింది.

సంచులు జరిపి, కొత్త ఇటుకలు పేర్చారు. ఉట్టి సీసం తూటా మొదటి సంచిని దాటింది, గోడను పగలగొట్టింది, వెనక సంచిలో ఇరుక్కుంది. "గిది కొంచెం నయం. గని కొంచెమే," అన్నాడు దుర్గయ్య.

మూడోది, ముక్కుకు గుంట ఉన్నది. దాంట్లో మందు కూడా తక్కువని చెప్పాడాయన. చప్పుడు ఈసారి భరించేటట్టుంది. దేవదాస్ చెయ్యి కొంచెమే లేచింది. రెండో దెబ్బ మొదటి దెబ్బకు జానెడు దూరంలోనే పడింది. గోడ చెక్కుచెదరలేదు. వెనక సంచి ఎట్లా పెట్టారో అట్లాగే ఉంది.

దుర్గయ్య కొడవలితో ముందు సంచి చీల్చి, పేలికల మధ్య నుంచి తూటా తీసి బాలలక్ష్మి అరచేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది. ముక్కు నాలుగు పక్కలకూ విచ్చుకుని, పగిలిన పత్తికాయలా అయింది.

"విచ్చుకుంటది కావట్టే ఆగుతది. ఇంట్ల పెట్టుకునేది గిది. గా ఎర్ర డబ్బ వాపస్ ఇచ్చెయ్యి. ఇగ ఇంకో మాట. ఏ తూటకైనా ముందు నోరుండాలె. ఎవరది అని అడగకుంట వేలు కదలద్దు."

ఆ విచ్చిన సీసం ముక్కను పట్టుకుని బాలలక్ష్మి వెనక సంచి వంక చాలాసేపు చూసింది. ఒంటి మీద ఒక్క గాటు లేకుండా నిలబడ్డ ఆ గోనెసంచిని చూస్తే ఆమెకు ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి. ఎవరూ తమను చంపడానికి రాకూడదని ఇన్ని రోజులు మొక్కుకుంది. తమ చేతిలో ఎవరూ చావకూడదని మొక్కుకోవాలన్న సంగతి ఆమెకు ఇప్పటిదాకా తట్టనే లేదు.

దుర్గయ్య ఇటుకలు ఏరడానికి మట్టికుప్ప వైపు పోయాడు. దేవదాస్ గుంటముక్కు తూటాలు ఆరూ నింపి చక్రం మూశాడు.

అప్పుడే దిగువ మడిలో మక్క కదిలింది.

గాలి కాదు. గాలికైతే చేనంతా కదలాలి. ఒక్క సాలులోనే ఆకులు గలగలమంటున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ గలగలమంటున్నాయి. దగ్గరికి వస్తున్నాయి.

దేవదాస్ గిరుక్కున తిరిగాడు. రెండు చేతులా రివాల్వర్ ఎత్తాడు.

"దేవదాసూ!" అని దూరం నుంచి దుర్గయ్య కేక. అది అతనికి వినపడిందో లేదో. చెవుల్లో దిబ్బడ ఇంకా వదల్లేదు.

"ఎవరది? పలుకుండ్రి!" అని అరిచింది బాలలక్ష్మి.

జవాబు లేదు. ఆకులు మళ్ళీ కదిలాయి. దేవదాస్ వేలు బిగుస్తోంది. చెయ్యి పట్టి లాగితే పేలుతుందని ఆమెకు తెలుసు. నాలుగడుగులు వేసి, అతని మోచేతి మీద తన అరచేయి ఆనించింది, అంతే.

"ఒక్కసారి. ఇంకొక్కసారి అడగనియ్యి," అని అతని చెవిలో చెప్పి, చేను వైపు తిరిగి గొంతు చించుకుని పిలిచింది. "ఆడమనిషిని అడుగుతున్న! ఎవరైనా సరే, నోరు తెరిచి మాట్లాడుండ్రి!"

ఆకుల మధ్య నుంచి సన్నని గొంతు. "కొట్టకుండ్రి బిడ్డా... నేను ముసల్దాన్ని."

చేతులు తల మీదికెత్తి బయటికి వచ్చిందామె. ఒక చేతిలో చెప్పులున్నాయి. చెంపల మీద మక్క ఆకులు కోసిన గీతలు. అరవై ఏళ్ళుంటాయి. దేవదాస్ చేతులు కిందికి వాలాయి. నేల మీద కూలబడ్డాడు. పరుగెత్తుకొచ్చిన దుర్గయ్య అతని చేతిలోంచి రివాల్వర్ తీసుకుని, ఆరు తూటాలూ తువ్వాలలోకి రాల్చేశాడు.

బాలలక్ష్మి ఆమెను కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ముసలామె చెంబెడు నీళ్ళూ గటగటా తాగింది.

"ఎవరినో కొడుతున్నరనుకొని చేన్ల దూరిన బిడ్డా. సప్పుళ్ళు ఆగినంక లేచిన. నువ్వు పిలిచింది ఇన్న, గని నోట మాట రాలే," అంది. తర్వాత దేవదాస్ వైపు తిరిగింది. "నువ్వేనా సిరిసిల్ల దేవదాసు సేటువి? మీ షెడ్డుకు పోయిన, కొమురయ్య కోరుట్ల అన్నడు. కోరుట్లకస్తే మీ అమ్మ గీడికి తోలింది. నా పేరు మల్లవ్వ. గంగాధర్ నా కొడుకు."

దేవదాస్ మోకాళ్ళ మీద లేచి చేతులు జోడించాడు.

"అవ్వా, నేను చెప్పలే. నూలు బండి కోసం పోయిన. మా అమ్మ మీద ఒట్టు."

"నాకెరికే బిడ్డా. గది చెప్పెటందుకే అచ్చిన."

దుర్గయ్య తువ్వాల మూటగట్టి లేచాడు. "నేను పింఛను తినే పోలీసోన్ని. విన్నది దాసుకునుడు నాకు రాదు. బోరు మోటరు కాడ ఉంట. మీరు మాట్లాడుకోండ్రి," అని గట్టు దిగి వెళ్ళిపోయాడు.

ఆయన దూరమయ్యేదాకా చూసి మల్లవ్వ చెప్పింది. కొడుకు బువ్వకోసం ఇంటికి వచ్చింది బుధవారం. దేవదాస్ ఠాణాకు వెళ్ళిందీ ఆ బుధవారమే. కానీ సోమవారం నుంచే ఎదురింట్లో కొత్త మనుషులు దిగారు. బావి పని వాళ్ళమని చెప్పుకున్నారు, ఆ ఇంట్లో బావే లేదు. మంగళవారం ఆమె వాళ్ళ కాళ్ళకు పోలీసు బూట్లు చూసింది. కొడుక్కి కబురు పంపాలని చూసింది, అందలేదు.

"నువ్వు ఠాణా మెట్లు ఎక్కకముందే వాళ్ళు తయారున్నరు. నువ్వేం చెప్తవ్ వాళ్ళకు? నీకేం ఎరుక? గీ కాగితం సంగతి వారం కింద నా చెవుల వడ్డది. వడ్డప్పటి సంది నాకు బువ్వ సయించలే. అడుక్కుంట అడుక్కుంట అడివి దాక పోయిన. అన్నల ముందట కూసొని చెప్పిన. నా కొడుకు ఒక్కడు పోయింది సాలదా, తప్పు లేనోని పానం గూడ నా కొడుకు పేరు మీద తీస్తరా అన్న. అట్ల తీస్తే నేను మీకు తల్లిని గాదు అన్న."

"ఏమన్నరు?" బాలలక్ష్మి ముందుకు వంగి అడిగింది.

"మొత్తం విన్నరు. బూట్ల సంగతి మల్ల మల్ల అడిగిండ్రు. తప్పయిందన్నరు. అదే తలుపు మీద ఇంకో కాగితం ఏస్తరు, దేవదాసుకు ఏ పాపం ఎరుక లేదని. నీ సాంచాలు నువ్వు నడుపుకో బిడ్డా. ఎవ్వరు రారు."

దేవదాస్ ఏడ్చాడు. ఎదుట మనుషులున్నారని చూసుకోకుండా, మక్క మోళ్ళ మధ్య కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. బాలలక్ష్మికి మాత్రం ఏడుపు రాలేదు. ఇరవై మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి ఇప్పుడు వదిలినట్టు, ఒళ్ళంతా తేలికై, విపరీతంగా ఆకలేసింది. సద్ది విప్పింది. మల్లవ్వకు ముందు పెట్టింది. పచ్చిపులుసు పోసుకుని నలుగురికి పంచాల్సిన తిండి ముగ్గురే తిన్నారు. దుర్గయ్యకు ఉంచాలన్న సంగతి చివర్లో గుర్తొచ్చి, అడుగున మిగిలిన గుప్పెడు మెతుకులు మూతపెట్టి ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. కొడుకును పోగొట్టుకున్న ఆ మనిషి నవ్వుతుంటే చూడలేక, బాలలక్ష్మి ఆమె చెంప మీది గీతలు తడి కొంగుతో తుడిచింది.

"నీ రుణం ఎట్ల తీరుస్తమవ్వా," అన్నాడు దేవదాస్.

"నాకేం వద్దు. ఆ కాయిదం మీద నా కొడుకు పేరు ఉన్నది గదా. అది కడగాలె అనుకున్న, కడిగిన."

చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని, మల్లవ్వ పోవడానికి లేచింది. బాలలక్ష్మి బస్సు తోవ దాకా తోడు నడిచింది. దేవదాస్ వెనక ఉండిపోయాడు. గట్టు మలుపు తిరిగాక ముసలామె ఆగి, అటూ ఇటూ చూసింది.

"ఇంకో మాటున్నది బిడ్డా. గది సేటుకు గాదు, నీకు. ఆడ నా మాటలన్ని విన్నది ఒక ఆడపిల్ల. వాళ్ళందరికి పెద్ద ఆమెనే. నేను లేచి అస్తుంటె ఎనుకకెల్లి పిలిచి ఒకటడిగింది. బాలక్క మంచిగున్నదా, ఇంక గట్లనే నిద్రల పటపట పండ్లు కొరుకుతదా అని."

బాలలక్ష్మి అడుగు ముందుకు పడలేదు.

ఆమెను బాలక్కా అని పిలిచిన మనిషి ఒక్కతే. ఒక్క చాప మీద పక్కన పడుకుని, పళ్ళు కొరికినప్పుడల్లా మోచేత్తో పొడిచి లేపిన చెల్లెలు ఇందిర. ఏడేళ్ళ కింద జగిత్యాల హాస్టల్లోంచి అన్నల్లోకి వెళ్ళిపోయింది. రెండేళ్ళకు పేపర్లో, పోలీసు కాల్పుల్లో చనిపోయినవాళ్ళ పేర్ల మధ్య ఆ పేరు కూడా వచ్చింది. శవం దొరకలేదు. అయినా అమ్మా నాన్నా దినాలు చేశారు. ఫోటోకు దండ వేసింది బాలలక్ష్మే.

"ఎట్లున్నది?" అని మాత్రం అడగగలిగింది.

"బక్కగున్నది. గని నవ్వుతది మంచిగ." మల్లవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎల్లుండి పొద్దుగాల కొండగట్టుకు రమ్మన్నది. నిన్నొక్కదాన్నే. ఇంట్ల ఎవ్వలకు చెప్పద్దన్నది, సేటుకు గూడ. పోలీసోళ్ళు ఆమె కోసం ఊరూరు తిరుగుతున్నరు. రాకపోతె గూడ ఏమనుకోనని చెప్పమన్నది."

వెనక గట్టు మీద నుంచి దేవదాస్ ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఎన్నో రోజుల తర్వాత భయం లేకుండా, గట్టిగా, నవ్వుతూ పిలుస్తున్నాడు. అతని పక్కన దుర్గయ్య నిలబడి ఇటే చూస్తున్నాడు.

బాలలక్ష్మి వెనక్కి తిరగలేదు.

"అవ్వా," అంది మెల్లగా, "పొద్దుగాల కొండగట్టు దిక్కు మొదటి బస్సు ఎన్ని గంటలకు?"